మిగిలిపోయిన మత్తు మందులు పక్కదారి పట్టకుండా ఏం చేయాలి

ఆపరేషన్ అయ్యాక నొప్పికి రాసిచ్చిన ట్రమడాల్ సగం స్ట్రిప్ మిగిలితే, ఎప్పుడైనా పనికొస్తుందిలే అని డబ్బాలో పడేసి మరిచిపోతాం. ఇంట్లో మందులు పక్కదారి పట్టేది, అంటే రాసివ్వని వాళ్ల చేతికి వెళ్లేది, ఇలా మరిచిపోయిన స్ట్రిప్పులతోనే. అందుకే ముందు ఆ డబ్బా బయటకు తీయండి.

అన్ని మందుల గురించీ టెన్షన్ పడక్కర్లేదు. ట్రమడాల్, కోడీన్, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు, అల్ప్రజోలం, క్లోనజిపాం, జోల్పిడెం లాంటి ఆందోళన, నిద్ర మందులు, ఏకాగ్రతకు ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్, నరాల నొప్పికి వాడే ప్రెగబాలిన్ ఉంటే వేరుచేసి తాళం వేసి పెట్టండి. స్ట్రిప్ వెనక తేదీ, ఇంకా ఎన్ని ఉన్నాయో పెన్నుతో రాసి, వారానికోసారి సరిచూడండి. లెక్క తప్పితే కేకలేయకండి, ఎవరు వేసుకుంటున్నారు, ఎందుకు వేసుకుంటున్నారు అని నెమ్మదిగా అడగండి. తిడతారనే భయం పట్టుకుంటే ఇక నిజం చెప్పరు.

ఎవరైనా నిద్ర పట్టట్లేదంటే పాపం అని మన మాత్ర ఒకటి ఇచ్చేస్తాం చూడండి, దయచేసి అది మానేయండి. వాళ్లు అప్పటికే మార్ఫిన్ లాంటి నొప్పి మందు వాడుతున్నా, మద్యం తాగినా, రెండూ కలిసి శ్వాసనే అణిచేస్తాయి.

అవసరం తీరిన మందులు మందుల షాపులో వెనక్కి తీసుకుంటారేమో కనుక్కోండి. లేదంటే స్ట్రిప్‌లోంచి తీసి, మట్టిలోనో వాడేసిన కాఫీ పొడిలోనో కలిపి, కవర్లో గట్టిగా మూసి చెత్తలో వేయండి. తీవ్రమైన నొప్పికి చర్మం మీద అంటించే ఫెంటనిల్ ప్యాచ్ 3 రోజులు వాడి తీసేశాక కూడా అందులో పసిపిల్లల ప్రాణం తీసేంత మందు మిగులుతుంది, కాబట్టి తీసిన వెంటనే అంటుకునే వైపు లోపలికి మడిచేసి, ఎలా పారేయాలో ఫార్మసిస్టును అడగండి.

ఎవరైనా అల్ప్రజోలంకి అలవాటు పడ్డారని తెలిస్తే మాత్రలు లాక్కుని ఒక్కసారిగా ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ దగ్గరికి తీసుకెళితే డోసు కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

మనిషి లేపినా లేవకపోయినా, శ్వాస బాగా నెమ్మదించినా, గొంతులో గురక లాంటి చప్పుడు వస్తున్నా, పెదాలు నీలంగా మారుతున్నా ఆలస్యం చేయకుండా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆగిపోతే, ఫోన్‌లో ఉన్నవాళ్లు చెప్పినట్టు సీపీఆర్ (ఛాతీ మీద నొక్కడం) మొదలుపెట్టండి. మార్ఫిన్ లాంటి నొప్పి మందుల వల్ల అయితే నలాక్సోన్ విరుగుడు, దగ్గరుంటే వాడండి. ఖాళీ స్ట్రిప్ కనిపిస్తే అదీ వెంట తీసుకెళ్లండి, ఏ మందో తెలిస్తే చికిత్స త్వరగా మొదలవుతుంది.