పాత అంబాసిడర్ వాల్వుల పని – 3వ పాఠం: రాకర్లు, షాఫ్టు

కిందటి పాఠంలో కంప్రెషన్ కొలిచి నాలుగు సిలిండర్ల అంకెలు రాసుకున్నాం. ఈసారి ట్యాపెట్ కవరు తీస్తాం. క్యామ్ తిరిగితే ట్యాపెట్, దాని మీది పుష్ రాడ్ పైకి లేస్తాయి, అప్పుడు రాకర్ అనే మీట ఊగి వాల్వును నొక్కి తెరుస్తుంది. రాకర్లన్నీ ఊగే కడ్డీయే షాఫ్టు. మన బండిది 1489 సీసీ పెట్రోలు ఇంజన్. ఇసుజు ఇంజన్ ఉన్నవాళ్లు ఈ లెక్కలు వాడవద్దు, దాని నిర్మాణమే వేరు.

ముందుగా ఒక మాట. బాగా తిరిగిన ఇంజన్‌ను మెరుగుపరచాలనుకోగానే చాలామంది గట్టి వాల్వు స్ప్రింగులు కొనడానికి పరుగెత్తుతారు. దీనికి నేను ససేమిరా ఒప్పుకోను. ఆ స్ప్రింగుల ఒత్తిడంతా అప్పటికే అరిగిన క్యామ్ మీద, ట్యాపెట్ల మీద పడుతుంది. ఈ ఇంజన్ తిరిగే వేగానికి అసలు కొలత స్ప్రింగులే చాలు, కొత్తవి వేస్తే సరి. డబ్బు పెట్టవలసింది రాకర్ షాఫ్టుకు, ఎగ్జాస్ట్ వాల్వు సీట్లకు (మూసుకున్నప్పుడు వాల్వు ఆనే అంచులకు).

స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి, హ్యాండిల్‌తో ఇంజన్‌ను మెల్లగా తిప్పండి. వాల్వులు ఎనిమిది. రేడియేటర్ వైపు నుంచి 1, 2, 3 అని లెక్కపెట్టండి. ఏ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉందో దాని అంకెను 9 నుంచి తీసేయండి. వచ్చిన అంకె వాల్వుకు గ్యాప్, అంటే రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య సందు, చూడాలి. 1 తెరుచుకుంటే 8, 3 తెరుచుకుంటే 6. ఈ తొమ్మిది లెక్క ఒక్కసారి వంటబడితే మరిచిపోరు.

ఇప్పుడు రాకర్ ముక్కును వెలుతురులో పెట్టి చూడండి. వాల్వు కాడను నొక్కే ఆ నున్నటి భాగంలో చిన్న గుంట కనిపిస్తుంది. మా బండిలో ఆరో రాకర్‌కు గోరు తగిలించి లాగితే అంచు స్పష్టంగా తెలిసింది. సందు కొలిచే ఫీలర్ గేజి ఆకు ఆ గుంటలోకి దిగదు, రెండు అంచుల మీద వంతెనలా నిలుస్తుంది. గేజి సరిగ్గా ఉందని చెప్పినా, నిజమైన గ్యాప్ గుంట లోతు మేరకు ఎక్కువే. ఎన్నిసార్లు సరిచేసినా టకటక ఆగకపోవడానికి కారణం ఇదే. ఇలాంటి రాకర్‌ను మార్చాల్సిందే.

తర్వాత రాకర్‌ను పట్టుకుని పైకీ కిందికీ కదపండి. వదులుగా ఊగుతుంటే బుష్ (షాఫ్టు దూరే రాకర్ రంధ్రంలోని గొట్టం) అరిగినట్టే. పుష్ రాడ్ ఒక వైపు, వాల్వు స్ప్రింగు మరో వైపు రాకర్‌ను పైకి నెడతాయి కాబట్టి షాఫ్టు అడుగు భాగమే అరుగుతుంది. పై నుంచి చూస్తే కొత్తదానిలా మెరుస్తుంది, మోసపోకండి. విప్పి తిప్పి చూస్తేనే గాడి కనబడుతుంది.

విప్పేటప్పుడు జాగ్రత్త. షాఫ్టు బ్రాకెట్లను పట్టి ఉంచే ఎనిమిది నట్లలో నాలుగు సిలిండర్ హెడ్‌ను కూడా బిగిస్తాయి. వాటిని మాత్రమే వదులు చేస్తే హెడ్ వంగి, నీళ్లు సిలిండర్లలోకి దిగవచ్చు. కాబట్టి ముందు రేడియేటర్ నీళ్లు వదిలేసి, హెడ్ నట్లన్నింటినీ మాన్యువల్‌లో చెప్పిన వరుసలో కొద్దికొద్దిగా వదులు చేయండి. పుష్ రాడ్లను కొంచెం తిప్పి లాగండి, లేకపోతే ట్యాపెట్ కూడా అంటుకుని పైకి వస్తుంది. అట్టముక్కకు ఎనిమిది రంధ్రాలు చేసి, ఏ రాడ్ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి.

నైట్రైడింగ్ (నైట్రోజన్‌తో పైపొరను గట్టిపరచడం) చేసిన షాఫ్టు దొరికితే అదే కొనండి. పైపొర గట్టిగా ఉంటుంది కాబట్టి ఎక్కువ కాలం నిలుస్తుంది. లేత్ షాపులో కొత్త బుష్‌లు దిగ్గొట్టించాక, బుష్‌లోని నూనె రంధ్రం రాకర్ రంధ్రానికి ఎదురుగా ఉందో లేదో అక్కడే నిలబడి సన్నటి తీగ దూర్చి చూడండి. మొహమాటపడకండి. ఆ రంధ్రం మూసుకుపోతే కొత్త షాఫ్టు కూడా త్వరలోనే పాడవుతుంది.

బిగింపు వరుస, టార్క్ (నట్టు ఎంత బలంగా బిగించాలో), గ్యాప్ అంకెలు మీ మాన్యువల్‌లోవే పాటించండి. హెడ్ నట్లు బిగించాకే గ్యాప్ పెట్టాలి.

వచ్చే పాఠానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. ఎగ్జాస్ట్ వాల్వుల గ్యాప్ ఈ రోజు రాసుకుని, వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ కొలవండి. గ్యాప్ తగ్గుతూ ఉంటే, శబ్దం పోయిందని సంతోషించకండి. వాల్వు సీటులోకి దిగిపోతోందని అర్థం. ఈ హెడ్‌లో సీట్లు పోత ఇనుములోనే కోసి ఉంటాయి. పెట్రోలులోని సీసం వాటికి రక్షణగా ఉండేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. మీ రెండు కొలతలు పక్కన పెట్టుకుని రండి, హెడ్ దించి గట్టి సీట్లు ఎలా వేయించాలో చూద్దాం.