చిన్న గని కంపెనీ షేరు కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

చిన్న మైనింగ్ కంపెనీ షేరుకు విలువ కట్టాలంటే జియాలజీ చదివి ఉండక్కర్లేదు. కూడికలు, తీసివేతలు వచ్చి, వార్షిక నివేదికను ఓపిగ్గా చదివే అలవాటుంటే చాలు. నేను చదివింది కామర్స్. మొదట చిత్తూరులో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో, తర్వాత కుప్పం వైపు క్వారీల్లో లెక్కలు రాశాను. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో రిటైరైనవాళ్లే ఎక్కువ. పీఎఫ్ డబ్బు చేతికొచ్చాక ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని వస్తుంటారు. "అమ్మా, ఈ కంపెనీ దగ్గర 3 టన్నుల బంగారం ఉందట, షేరు 20 రూపాయలేనట" అని మొన్న పై అంతస్తు మాస్టారు అడిగారు. "మాస్టారూ, మొత్తం షేర్లెన్ని?" అన్నాను. ఆయనకు ఆ మెసేజ్ పంపినవాళ్లు ఆ సంగతి రాయలేదు. మనం మొదలుపెట్టాల్సింది మాత్రం అక్కడే.

20 రూపాయలు చవకో ఖరీదో షేర్ల సంఖ్య తెలియకుండా చెప్పలేం. 10 కోట్ల షేర్లుంటే మొత్తం కంపెనీని మార్కెట్ 200 కోట్లకు లెక్కగట్టినట్టు. దానికి కంపెనీ అప్పు కలపండి, బ్యాంకులో ఉన్న నగదు తీసేయండి. ఆ గని కోసం మీరు నిజంగా పెడుతున్న ధర అదీ. షేర్ల సంఖ్య బీఎస్ఈ వెబ్‌సైట్‌లో మూడు నెలలకోసారి పెట్టే షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌లో ఉంటుంది. ఎన్ని వారెంట్లు బాకీ ఉన్నాయో, ప్రమోటర్లు తమ షేర్లలో ఎంత తాకట్టు పెట్టారో కూడా అక్కడే కనిపిస్తుంది. వారెంటు అంటే ధరలో 25 శాతం ముందు కట్టి, మిగతాది 18 నెలల్లోగా కట్టి షేరుగా మార్చుకునే హక్కు. 2 కోట్ల వారెంట్లు ఇచ్చి ఉంటే 10 కోట్లు కాదు, 12 కోట్లతో భాగించాలి. కంపెనీ చెప్పే ఏ పెద్ద అంకెనైనా సరే, ఒక్క షేరుకు ఎంత అని భాగించి చూడందే నేను నమ్మను.

ఇక భూమిలో ఉన్న సరుకు సంగతి. క్వారీలో కోసిన రాయంతా బ్లాకులుగా అమ్ముడుపోదు. మచ్చ పడిందీ, గీత ఉన్నదీ, పగిలిందీ పక్కన గుట్టగా పడుతుంది. కొనడానికి వచ్చినవాళ్లు బ్లాకు మీద బకెట్‌తో నీళ్లు పోయించి కాసేపు ఆగుతారు. ఎండకు పైతడి ఆరిపోతుంది. సన్నటి పగులు ఉన్నచోట మాత్రం నీళ్లు లోపలికి ఇంకి నల్లటి గీతలా నిలబడుతుంది. అక్కడిదాకా తగ్గించి నెట్ కొలత రాసుకుంటారు. బిల్లు నెట్ కొలత మీదే గానీ కొండ కొలత మీద కాదు. గని కంపెనీ ప్రకటనల్లో కనిపించే రెండు మాటలు, రిసోర్స్, రిజర్వ్, ఇలాగే చదువుకోవాలి. రిసోర్స్ అంటే భూమిలో ఉందని అంచనా వేసింది. రిజర్వ్ అంటే అందులోంచి ఇప్పటి ధరకు, ఇప్పటి ఖర్చుకు, అనుమతులకు లోబడి లాభంగా తీయగలమని లెక్క తేల్చింది.

మన దేశంలో వీటికి కోడ్ నంబర్లున్నాయి. 111 అంటే రుజువైన రిజర్వ్. 121, 122 అయితే రిజర్వే గానీ కాస్త తక్కువ నమ్మకంతో. 331, 332, 333 అన్నీ రిసోర్సులు. వాటిలో 333 కొద్దిపాటి డ్రిల్లింగ్ మీద ఆధారపడిన ఊహ, 334 అంతకంటే తొలిదశ. మొత్తం సరుకులో ఎక్కువ భాగం 333, 334 కింద ఉంటే నేను దాన్ని సున్నా అనుకునే లెక్క వేస్తాను. అది మరీ కఠినమని కొందరంటారు. రిటైర్మెంట్ డబ్బుతో కొనేవాళ్లకు ఆ కఠినం ఉండాలనే నా పట్టుదల.

మాస్టారికి వేసి చూపించిన లెక్క ఇక్కడ పెడుతున్నా. అంకెలు నేను ఉదాహరణకు అనుకున్నవి, వేసే పద్ధతి మాత్రం ఏ గనికైనా ఇదే. 20 లక్షల టన్నుల ఓర్ (బంగారం కలిసిన ఖనిజ రాయి), టన్నుకు ఒకటిన్నర గ్రాముల బంగారం. అంటే 30 లక్షల గ్రాములు, వాళ్లు చెప్పిన 3 టన్నులు. గ్రాము 9,000 చొప్పున 2,700 కోట్లు. వాట్సాప్‌లో తిరిగేది ఈ అంకే.

ఇప్పుడు ఒక్కొక్కటే తీసేద్దాం. అందులో తవ్వడానికి వీలయ్యేది 12 లక్షల టన్నులు అనుకుందాం. తవ్వేటప్పుడు పక్కనున్న ఉత్త రాయి కూడా కలిసి వస్తుంది కాబట్టి గ్రేడ్, అంటే టన్నులో ఉండే బంగారం, 1.3 గ్రాములకు పడుతుంది. ప్లాంటులో 85 శాతమే చేతికొస్తుంది. చివరికి దక్కేది 13.26 లక్షల గ్రాములు, అమ్మకం సుమారు 1,193 కోట్లు. తవ్వకం, వేస్ట్ తొలగింపు, ప్లాంటు, జీతాలు కలిపి టన్నుకు 4,500 ఖర్చనుకుంటే 540 కోట్లు పోతాయి. రాయల్టీ, వేలం ప్రీమియం వగైరా ప్రభుత్వానికి కట్టేవన్నీ 10 శాతమనుకుంటే 119 కోట్లు. గని, ప్లాంటు కట్టడానికి 200 కోట్లు. ఆదాయపు పన్ను పాతిక శాతం. అన్నీ పోగా మిగిలేది 250 కోట్లు.

ఆ 250 కోట్లూ ఇవాళ చేతికి రావు. కట్టడానికి 3 ఏళ్లు, తవ్వడానికి 8 ఏళ్లు. ముందు 3 ఏళ్లూ డబ్బు బయటికే పోతుంది. మిగిలే 250కి ముందు పెట్టిన 200 కలిపి 8తో భాగిస్తే, తర్వాత ఏడాదికి దాదాపు 56 కోట్లు వస్తాయి. ఇంత రిస్కున్న వ్యాపారంలో ఏడాదికి 15 శాతమైనా రాకపోతే ఎవరూ డబ్బు పెట్టరు కాబట్టి, రాబోయే ఆదాయాన్ని ఆ రేటున ఇవాళ్టి విలువకు తగ్గించాలి. ఎక్సెల్‌లో ఎన్‌పీవీ (నికర ప్రస్తుత విలువ) ఫార్ములా కొడితే క్షణంలో తేలుతుంది. వచ్చింది 14 కోట్లు. 10 కోట్ల షేర్లతో భాగిస్తే షేరుకు 1 రూపాయి 40 పైసలు. మార్కెట్లో ధర 20.

మాస్టారు కాసేపు కాగితం వంక చూసి, "బంగారం ధర పెరిగితే?" అన్నారు. మంచి ప్రశ్న. గ్రాము ధర 10 శాతం పెరిగితే విలువ 14 నుంచి 44 కోట్లవుతుంది, అంటే మూడు రెట్లు. 10 శాతం పడితే మైనస్ 16 కోట్లు. ఖర్చులు స్థిరంగా ఉండి ధర మాత్రమే కదిలితే లాభం ఇలా ఎగిరిపడుతుంది. బంగారం పెరిగిన రోజుల్లో ఇలాంటి షేర్లు అంతకు పదింతలు పరిగెత్తడానికి కారణం ఇదే, కుప్పకూలడానికీ ఇదే. అందుకే ఒక్క ధరతో ఆగకండి. ఇవాళ్టి ధర, అంతకంటే 10 శాతం తక్కువ, 20 శాతం తక్కువ, ఈ మూడింటికీ వేయండి. 20 శాతం తక్కువలో కూడా నిలబడే గనులున్నాయి. గ్రేడ్ బాగుండి, ఓర్ పైపైనే దొరికి, ప్లాంటు ముందే కట్టి ఉన్న చోట్ల. మనం వెతకాల్సింది అలాంటివాటిని.

పీఈ నిష్పత్తి, అంటే షేరు ధర ఏడాది లాభానికి ఎన్ని రెట్లుందో చెప్పే అంకె, చూసి గని షేరు చవక అనుకోకండి. గని ఏటా తరిగిపోయే ఆస్తి. 5 ఏళ్ల సరుకే మిగిలిన గనికి పీఈ 6 ఉంటే అది చవకేమీ కాదు.

డ్రిల్లింగ్ ఫలితాల ప్రకటన వచ్చిన రోజు షేరు తరచూ అప్పర్ సర్క్యూట్ (ఆ రోజుకు పెరగగల గరిష్ఠ హద్దు) కొడుతుంది. "40 మీటర్ల పొడవున సగటున టన్నుకు 3 గ్రాములు" అని ఉందనుకోండి. వినడానికి బాగుంది. కింద టేబుల్ తెరిచి మీటరు మీటరుకూ చూడండి. ఒక్క మీటరులో 100 గ్రాములు వచ్చి, మిగతా 39 మీటర్లలో అర గ్రాము చొప్పున వచ్చినా సగటు అదే 3. ఆ ఒక్క మీటరు తీసేస్తే అక్కడ గని లేదు. రెండోది, డ్రిల్లు ఏటవాలుగా దిగితే రంధ్రం లోపలి పొడవు ఎక్కువగా కనిపిస్తుంది, పొర అసలు మందం అంతకంటే తక్కువ. అసలు మందం ఇవ్వని ప్రకటనను నేను సగం సమాచారం కిందే చూస్తాను.

శాంపిల్స్ ఎవరు పరీక్షించారన్నది కూడా ముఖ్యం. కెనడాకు చెందిన బ్రీ-ఎక్స్ అనే చిన్న కంపెనీ ఇండోనేషియాలోని బుసాంగ్‌లో ప్రపంచంలోకెల్లా పెద్ద బంగారు నిక్షేపం దొరికిందని ప్రకటించింది. వందల కోట్ల డాలర్ల విలువకు ఎగిరిన ఆ షేరు 1997లో సున్నాకు పడింది. నేల నుంచి తీసిన రాతిపొడిలో బయటి బంగారం కలిపారని తేలింది. డ్రిల్లు నుంచి వచ్చిన రాతి కడ్డీని నిలువుగా చీల్చి, సగం ల్యాబుకు పంపి సగం దాచిపెట్టడం అందరి పద్ధతి. వాళ్లు మొత్తం పిండి కొట్టేవారు, మళ్లీ పరీక్షించుకోవడానికి ఏమీ మిగలకుండా. ఆ దెబ్బ తర్వాతే కెనడాలో రిపోర్టింగ్ నిబంధనలు బిగించారు. సగం కడ్డీ దాచారా, బయటి ల్యాబు ఏది, ఈ రెండూ రిపోర్టులో ఉండాలి. లేకపోతే ఇన్వెస్టర్ రిలేషన్స్‌కి ఈమెయిల్ పెట్టి అడగండి. డబ్బు పెట్టబోయేది మీరు, మొహమాటపడొద్దు.

ఇవన్నీ బాగున్నా కాగితాలు లేకపోతే గని లేనట్టే. మా కుప్పం పక్కన గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులున్నాయి. కోలార్ గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ 2001లో మూతపడటంతో అక్కడ కూడా పని ఆగిపోయింది. తర్వాత వేలంలో ఆ బ్లాకును కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్ఎండీసీ దక్కించుకుంది. బంగారం ఉన్న చోటే ఉంది, కాలం మాత్రం గడిచిపోయింది. ప్రభుత్వ సంస్థ ఆగగలదు. మూడు నెలల జీతాలకు సరిపడా నగదున్న చిన్న కంపెనీ ఆగలేదు.

2015 జనవరి 12 నుంచి ప్రధాన ఖనిజాల లీజులు వేలంలోనే ఇస్తున్నారు. అన్వేషణ చేసినందుకు లీజు మాకే వస్తుందని పాత చట్టం కింద ఎదురుచూస్తున్న పెండింగ్ కేసుల్లో చాలావాటికి 2021 సవరణతో ఆ హక్కు పోయింది. కాబట్టి "లీజుకు దరఖాస్తు చేశాం" అన్న వాక్యానికి నేను ఒక్క రూపాయి కూడా కట్టను. వేలంలో గెలిచిన లీజైతే ఎంత శాతానికి గెలిచారో చూడాలి. ఖనిజం విలువలో అంత శాతం, లాభమొచ్చినా నష్టమొచ్చినా, ప్రభుత్వానికి కట్టాల్సిందే. ఒడిశాలో కొన్ని ఇనుప ఖనిజ బ్లాకులకు ఆ శాతం 100 కూడా దాటింది. బంగారానికి రాయల్టీ 4 శాతం, జిల్లా ఖనిజ నిధికి ఆ రాయల్టీ మీద మరికొంత. 2024లో సుప్రీంకోర్టు ఖనిజ హక్కుల మీద రాష్ట్రాలు విడిగా పన్ను వేయొచ్చని, 2005 ఏప్రిల్ 1 నుంచి పాత బకాయిలూ వసూలు చేసుకోవచ్చని తేల్చింది. పాత గనులున్న కంపెనీ అయితే వార్షిక నివేదికలో కంటింజెంట్ లయబిలిటీస్ (ముందుముందు కట్టాల్సి రావచ్చనే బాకీలు) నోటు తెరిచి, ఈ పద్దు ఎంత చూపారో చదవండి.

పర్యావరణ అనుమతుల కోసం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్ ఉంది. చాలామంది ఇన్వెస్టర్లు దాని జోలికే వెళ్లరు, నాకైతే అన్నిటికంటే పనికొచ్చేది అదే. కంపెనీ పేరు కొట్టి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టు దింపుకోండి. ఏటా ఎన్ని టన్నులు తీస్తారు, గని ఎన్నేళ్లు నడుస్తుంది, టన్ను ఓర్‌కు ఎన్ని టన్నుల వేస్ట్ తియ్యాలి, నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, అన్నీ సంతకాలతో ఉంటాయి. షేర్‌హోల్డర్లకు చెప్పిన అంకె, అక్కడ ప్రభుత్వానికి చెప్పిన అంకె పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ప్రభుత్వానికి ఇచ్చిన దాన్నే నమ్ముతాను. ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్ కూడా వదలొద్దు. పేలుళ్లకు ఇళ్లు బీటలు వారుతాయని, బోర్లు ఎండిపోతాయని ఊరివాళ్లు గట్టిగా చెప్పి ఉంటే, కంపెనీ రాసుకున్న తేదీకి రెండేళ్లు కలుపుకోండి. ఊరివాళ్ల మాట న్యాయమైనది కూడా. వాళ్ల నీళ్ల మీద నా డివిడెండ్ రావాలని నేను కోరుకోను.

లిస్టయిన కంపెనీకి గనిలో ఎంత వాటా ఉందో చూసుకోండి. కర్నూలు జిల్లా జొన్నగిరి బంగారు గని జియోమైసూర్ అనే ప్రైవేటు కంపెనీది. బీఎస్ఈలో ఉన్న డెక్కన్ గోల్డ్ మైన్స్‌కు అందులో కొంత వాటాయే ఉంది. ఇలాంటి చోట గని విలువ మొత్తం కాదు, ఆ వాటా మేరకే షేర్లతో భాగించాలి.

ఇక నగదు. లాభనష్టాల ఖాతా పక్కన పెట్టి క్యాష్ ఫ్లో చూడండి. అన్వేషణ ఖర్చును ఆస్తిగా చూపించే వెసులుబాటు ఉండటంతో, డబ్బు కరిగిపోతున్నా నష్టం చిన్నదిగానే కనిపించొచ్చు. ఉన్న నగదును నెలసరి ఖర్చుతో భాగిస్తే ఎన్ని నెలలు నడుస్తారో తెలుస్తుంది. ఏడాది కంటే తక్కువైతే కొత్త షేర్లు రాబోతున్నాయని అర్థం. 100 కోట్లు కావాల్సి వచ్చినప్పుడు షేరు 20 ఉంటే 5 కోట్ల కొత్త షేర్లతో సరిపోతుంది. 5కు పడిపోయి ఉంటే 20 కోట్ల షేర్లు జారీ చేయాలి. మన ఉదాహరణలోని 10 కోట్ల షేర్ల కంపెనీలో అప్పటిదాకా మూడో వంతు మీదైనా, ఆ 20 కోట్లు కలిశాక అది తొమ్మిదో వంతే. గత అయిదేళ్ల వార్షిక నివేదికలు తీసి ఏటేటా షేర్ల సంఖ్య ఒక కాగితం మీద రాయండి. ఏటా పెరుగుతూ పోయి, తవ్విన టన్నులు సున్నా దగ్గరే ఉంటే, ఆ కంపెనీ తవ్వుకునేది మదుపరుల జేబులే.

కొనే ముందు ఒక్క పని మిగిలింది, అమ్మడం ఎలాగో చూసుకోవడం. ఆ షేరు బీఎస్ఈ నిఘా జాబితాల్లో, జీఎస్ఎం, ఏఎస్ఎం, ఈఎస్ఎంలలో, ఉందేమో చూడండి. ట్రేడ్ టు ట్రేడ్‌లో (ప్రతి కొనుగోలుకూ డెలివరీ తప్పనిసరి అయిన విభాగంలో) ఉంటే కొన్న రోజే అమ్మడం కుదరదు. రోజుకు 3,000 షేర్లు చేతులు మారే చోట మీరు 60,000 కొంటే, రోజూ జరిగే వ్యాపారమంతా మీదే అయినా బయటపడటానికి 20 రోజులు పడుతుంది. అదీ కొనేవాళ్లు ఉంటేనే. లోయర్ సర్క్యూట్ (ఆ రోజుకు పడగల కనిష్ఠ హద్దు) పడిన రోజున కొనేవైపు ఒక్క ఆర్డరూ ఉండకపోవచ్చు. నెల రోజుల సగటు వాల్యూమ్ తీసి, రెండు రోజుల్లో అమ్మగలిగినంతే కొనమని మాస్టారికి చెప్పాను. ఆర్డర్ ఎప్పుడూ లిమిట్ ధరకే, అంటే మీరు ముందే నిర్ణయించుకున్న ధరకే, పెట్టండి.