స్విచ్ పాయింట్ల మధ్య నిప్పు – 4వ పాఠం: కరెంటు ఇంత తక్కువైతే రవ్వ ఎక్కడిది?

గత పాఠంలో వెండి పాయింట్ల (స్విచ్‌లో ఒకదానికొకటి తగిలే లోహపు ముక్కల) లెక్క చూశాం: సుమారు 12 వోల్టులు, 0.4 ఆంపియర్లు. రెండూ దాటితేనే పాయింట్లు విడిపోయేటప్పుడు ఆర్క్ (సందులో ఆగకుండా మండే మెరుపు) నిలబడుతుంది. ఆ లెక్కన 12 వోల్టుల బ్యాటరీ మీద 30 మిల్లీఆంపియర్లు (0.03 ఆంపియర్లు) తాగే రిలే కాయిల్‌ను (రిలే అంటే తీగచుట్టకి కరెంటు ఇస్తే అయస్కాంతమై మరో స్విచ్‌ని లాగే పరికరం, ఆ చుట్టే కాయిల్) ఆపే బుల్లి స్విచ్‌కి ఏమీ కాకూడదు. కానీ కొన్నాళ్లకి దాని పాయింట్లు నల్లబడతాయి. స్విచ్చే నాసిరకమనుకుని నేను రెండుసార్లు మార్చాను కూడా.

కారణం స్విచ్‌లో లేదు, కాయిల్‌లో ఉంది. కాయిల్‌లో పారే కరెంటు ఉన్నపళంగా ఆగదు. దారి తెగేసరికి కాయిల్ వోల్టేజి వందల్లోకి ఎగబాకుతుంది. పాయింట్ల సందు ఇంకా మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేనప్పుడు, 330 వోల్టుల దగ్గరే గాలి తెగి రవ్వ దూకుతుంది. నిలబడేంత కరెంటు లేదు కాబట్టి వెంటనే ఆరిపోతుంది. వోల్టేజి మళ్లీ పెరుగుతుంది, మళ్లీ దూకుతుంది. స్విచ్ ఒక్కసారి తీస్తే కంటికి కనిపించేది ఒకటే మెరుపు. నిజానికి అది రవ్వల జల్లు. ప్రతి రవ్వా పాయింట్ మీద రవ్వంత లోహాన్ని కరిగిస్తుంది.

నమ్మకం కుదరకపోతే చేసి చూడండి. చిన్న నియాన్ బల్బు ఒకటి కొని, కాయిల్ రెండు కొనలకీ తగిలించండి. లైటు ఆర్పి స్విచ్ వేయండి: బల్బు వెలగదు. తీయండి: తటాలున ఎర్రగా మెరుస్తుంది. వెలగడానికి 60 వోల్టులకు పైగా అడిగే బల్బు అది, మన దగ్గరున్నది 12 వోల్టుల బ్యాటరీ! కాయిల్ కొనల్ని మాత్రం చేత్తో పట్టుకోకండి, చురుక్కుమంటుంది. ఈ బల్బును రెసిస్టర్ లేకుండా ఇంటి ప్లగ్గుకి అసలే పెట్టొద్దు.

ఇప్పుడు కాయిల్ కొనల మధ్య 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకే వైపుకి పోనిచ్చే భాగం) పెట్టండి, గీత ఉన్న కొన ప్లస్ వైపుకి. తిప్పి పెడితే స్విచ్ వేయగానే షార్టే. సరిగ్గా పెడితే స్విచ్ తీసినా బల్బు మెరవదు. కరెంటు డయోడ్ గుండా కాయిల్‌లోనే తిరిగి తిరిగి చల్లారుతుంది.

పాత స్కూటర్ పాయింట్ల పక్కన కండెన్సర్ (ఛార్జీని కాసేపు దాచుకునే డబ్బీ) ఉండేది, గుర్తుందా? అది పాడైతే పాయింట్లు ఊరికే కాలిపోయేవి. జబ్బు ఇదే, మందు వేరు.

డయోడ్‌తో ఒక చిక్కుంది: రిలే కాస్త ఆలస్యంగా వదులుతుంది. చెవి దగ్గర పెట్టుకుని, డయోడ్‌తోనూ లేకుండానూ ఆ టిక్కు విని ఉంచుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే.