ఫిజియో చెప్పిన ఎక్సర్‌సైజులు పెద్దవాళ్లు మధ్యలో ఆపేయకుండా ఉండాలంటే

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన కొత్తలో అందరూ శ్రద్ధగానే చేస్తారు. ఫిజియో ఇంటికి రావడం ఆగిపోయి, మనం ఆఫీసు పనుల్లో పడిపోయాక ఒక్కొక్కటే తగ్గిపోతూ వస్తుంది. దయచేసి దాన్ని బద్ధకం అనకండి. చాలామంది భయంతో ఆపేస్తారు: నొప్పి వస్తోందంటే లోపల పెట్టిన కీలు కదిలిందేమో, మళ్లీ ఆపరేషన్ అంటారేమో అని. ఆ మాట పిల్లలతో చెప్పరు, "రేపు చేస్తాలే" అంటారు.

అందుకే మాదాపూర్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి "చేశావా, లేదా?" అని నిలదీస్తే "చేశాను" అనే వినిపిస్తుంది. "వీటిలో ఏది చేస్తుంటే ఇబ్బందిగా ఉంది నాన్నా?" అని అడగండి. నేల మీద పడుకుంటే మళ్లీ లేవలేకపోవడమే అసలు సమస్య కావచ్చు, అది ఫిజియోకి చెబితే మంచం మీదో కుర్చీలోనో చేసేలా మార్చి ఇస్తారు. సొంతంగా మాత్రం ఏదీ మార్చకండి.

ఎనిమిదో పదో రాసిన కాగితం చూస్తేనే పెద్దవాళ్లకి నీరసం వస్తుంది. ఒంట్లో బాగోని రోజు కూడా తప్పకూడనివి ఏ రెండు మూడో ఫిజియోనే అడిగి గుర్తు పెట్టించుకోండి. ఏది ఎందుకో కూడా పెద్దవాళ్ల ముందే చెప్పించండి. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి నొక్కితే తొడ కండకి బలం వస్తుంది, ఆ బలం లేకపోతే మెట్లు దిగేటప్పుడు కాలు నిలవదు. (అయిపోయాక టవల్ తీసేయాలి, హాయిగా ఉందని మోకాలి కింద దిండు అలాగే ఉంచుకుంటే కాలు పూర్తిగా చాపడం కష్టమవుతుంది.) పాదాలు పైకీ కిందకీ ఆడించేది పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా. "ఆరోగ్యానికి మంచిది" అంటే ఎవరికీ ఎక్కదు, "కార్తీక మాసానికి గుడి మెట్లు మీరే ఎక్కాలి అత్తయ్యా" అంటే ఎక్కుతుంది.

గడియారం టైము పెట్టకండి, ఉన్న అలవాటుకి కట్టేయండి. పొద్దున కాఫీ తాగాక కొన్ని, కుర్చీలో కూర్చుని కాలు చాపి పట్టుకునేవి సాయంత్రం సీరియల్ మధ్య ప్రకటనలప్పుడు. నొప్పి మాత్ర రాసి ఉంటే, వేసుకున్న ఎంతసేపటికి మొదలుపెట్టాలో డాక్టర్‌ని అడగండి. నడకకి మన ఫుట్‌పాత్‌లని నమ్ముకోవద్దు. అపార్ట్‌మెంట్ కారిడార్ మేలు, ధైర్యం వచ్చాక ఇందిరా పార్క్ లాంటి చోటికి, ఏప్రిల్, మే నెలల్లో అయితే ఎండ ఎక్కకముందే.

65 దాటినవాళ్లు వారానికి కనీసం 3 రోజులు బ్యాలెన్స్, బలం పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. ఫిజియో ఒప్పుకుంటే వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం వంటివి ఇంట్లోనే చేయొచ్చు, పక్కన ఒకరు ఉండాలి.

చేశాక కాసేపు నొప్పి, పట్టేసినట్టుండటం మామూలే. మర్నాటికీ తగ్గకపోతే ఫిజియోకి ఫోన్ చేయండి. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా ఎక్సర్‌సైజుల సంగతి వదిలేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చేసిన రోజు గోడ క్యాలెండర్‌లో వాళ్ల చేతే టిక్ పెట్టించండి, మానేసిన రోజు ఎందుకు మానేశారో ఒక్క ముక్క రాయించండి. తర్వాతి రివ్యూకి ఆ పేజీల ఫొటో తీసుకెళితే, ఏది తగ్గించాలో ఏది పెంచాలో ఫిజియోకి అక్కడే తెలిసిపోతుంది.