పాత సంపు బయటపడిందా? మూత తీసే ముందు జాగ్రత్తలు

ఫ్లోరింగ్ తవ్వుతుంటే కింద డొల్ల శబ్దం వచ్చిందంటే పని అక్కడే ఆపండి.

- స్లాబు మీద ఎవరూ నిలబడొద్దు. పైకి గట్టిగా కనిపించినా లోపలి ఇనుము తుప్పు పట్టి ఉండొచ్చు.

- అసలు భయం గాలితోనే. ఏళ్లుగా మూసి ఉన్న సంపులో ఆక్సిజన్ తగ్గిపోతుంది. మామూలు గాలిలో 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే తగ్గితే దిగకూడదు. కుళ్లిన గుడ్ల వాసన వచ్చి ఆగిపోతే గ్యాస్ పోయిందనుకోకండి. ఆ వాసన వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విష వాయువుతో, అది ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు.

- దీపం దించి చూడొద్దు, మీథేన్ ఉంటే భగ్గుమంటుంది. గ్యాస్ మీటరుతోనే కొలిపించండి.

- లోపల ఎవరైనా పడిపోతే, ఎంత దగ్గరివాళ్లయినా సరే, వెంటనే దిగొద్దు. రెండో ప్రాణం పోయేది అలాగే. ఫైర్ సర్వీసుకు ఫోన్ చేయండి.

- పిల్లలు అటు రాకుండా చుట్టూ అడ్డు కట్టండి.