మైక్‌సెట్ పాఠాలు – 6: వైరు తిరగేస్తే పాట మారుతుందా?

కిందటి పాఠంలో ప్లేయర్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపే వైరు కొసనుండే ఆర్‌సీఏ పిన్నుకు సోల్డరింగ్ నేర్చుకున్నాం. అది చేసి చూసిన కందుకూరు కుర్రాళ్లు అడిగిన ప్రశ్నే ఇవాళ్టి పాఠం: "కొన్ని వైర్ల మీద బాణం గుర్తు ఉంటాది గదన్నా, తిరగేసి పెడితే సౌండ్ మారతాదా?"

పాట మారదు. పాట సిగ్నల్ ఏసీ, అంటే అటూ ఇటూ పోయే కరెంటు. వెయ్యి హెర్ట్జ్ ఈల వినిపిస్తోందంటే వైరులో కరెంటు సెకనుకు వెయ్యిసార్లు ముందుకూ, వెయ్యిసార్లు వెనక్కీ పోతోందని అర్థం. ఒకవైపు బాగా, రెండోవైపు నాసిగా పంపడం డయోడ్ పని, రాగితీగ పని కాదు.

మరి బాణం ఎందుకు వేశారు? కొన్ని వైర్లలో లోపల రెండు తీగలు, వాటి చుట్టూ బయటి రొదను అడ్డుకునే లోహపు జాలీ ఉంటాయి. సిగ్నల్ పోయి వచ్చేది ఆ రెండు తీగల్లోనే. జాలీని మాత్రం ఒక్క కొసనే, మామూలుగా ప్లేయర్ వైపు, అతికిస్తారు. బాణం ప్లేయర్ నుంచి ఆంప్లిఫయర్ వైపు ఉండాలి. తిరగేస్తే బయటి నుంచి దూరే రొదలో కొంచెం తేడా రావచ్చు. నెల్లూరు రొట్టెల పండుగ లాంటి చోట, సీరియల్ లైట్ల వైర్ల పక్కనే మన వైరు పోవాల్సి వస్తే ఇది పట్టించుకోవాల్సిన సంగతే.

జాలీ ఎటువైపు అతికిందో మల్టీమీటరు బీప్‌తో తెలియదు. రెండో తీగ ఉంది కాబట్టి ఒక పిన్ను బయటి రింగు నుంచి రెండో పిన్ను బయటి రింగుకు ఎలాగూ బీప్ వస్తుంది. పిన్ను మూత విప్పి కంటితో చూడండి.

మైకు ఎక్స్‌ఎల్‌ఆర్ వైరుకైతే దిశ ఖాయం. ఆడ కొస (మూడు రంధ్రాలున్నది) మైకుకు, మగ కొస (మూడు పిన్నులున్నది) మిక్సరుకు. తిప్పుదామన్నా పట్టదు.

"తిప్పితే నిజంగానే బేస్ తగ్గింది" అనేవాళ్లు ముందు బాక్సుల దగ్గర ఎరుపు, నలుపు చూసుకోవాలి. రెండు బాక్సుల్లో ఒకదానికి అవి తారుమారైతే బేస్ పడిపోతుంది. అది దిశ కాదు, పొలారిటీ, అంటే ప్లస్ మైనస్ తారుమారు.

అభ్యాసం: ఇద్దరు కావాలి. ఒకరు తెర వెనక నాణెం వేసి, బొమ్మ పడితే వైరు సూటిగా, బొరుసు పడితే తిరగేసి పెట్టాలి. ఏది పడినా ఒకసారి పీకి మళ్లీ గుచ్చాలి, లేకపోతే పట్టే టైమును బట్టి రెండోవాళ్లు కనిపెట్టేస్తారు. అదే పాట, వాల్యూమ్ ముట్టుకోవద్దు. 10 సార్లు చేసి జవాబులు రాసుకోండి. గుడ్డిగా చెప్పినా ఐదారు కుదురుతాయి. 9 గానీ 10 గానీ కుదరడం మాత్రం నూటికి ఒకసారే.

వచ్చే పాఠం: రెండు కరెంటు పాయింట్ల మధ్య పుట్టే హమ్‌ను వెతికి పట్టుకోవడం.