హో అడవిలో ఎల్క్‌లు చూడాలంటే
సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఒలింపిక్ నేషనల్ పార్కుకు వెళ్తే, హో వర్షారణ్యానికి తెల్లారేసరికల్లా చేరుకోండి. రూజ్‌వెల్ట్ ఎల్క్‌లు అనే పెద్ద జింకలు నది ఒడ్డున మేస్తూ కనిపించేది ఎక్కువగా ఆ వేళలోనే. ఉత్తర అమెరికా ఎల్క్ ఉపజాతుల్లో ఒంటి బరువులో ఇవే పెద్దవి. 1909లో ఇక్కడ నేషనల్ మాన్యుమెంట్ (ప్రభుత్వ రక్షిత ప్రాంతం) ప్రకటించింది ముఖ్యంగా వీటిని కాపాడటానికే.

నాచు పట్టిన చెట్ల కింద ఫెర్న్ ఆకులు కొరికేసి ఉన్నా, తడిమట్టిలో చీలిన గిట్టల అచ్చులు తాజాగా కనిపించినా మాటలు ఆపి నెమ్మదిగా నడవండి. సెప్టెంబరులో మగవి ఈల వేసినట్టు సన్నగా, పొడుగ్గా అరుస్తాయి. ఒళ్లు జలదరిస్తుంది! అది జతకట్టే కాలం, మీద పడే ప్రమాదం ఎక్కువ. కనీసం 50 గజాల దూరం పార్కు నియమం. ఫోటో కోసం పిల్లల్ని మాత్రం దగ్గరికి పంపకండి, ప్లీజ్.